మంచు రోడ్డు మీద ఎస్‌యూవీ జారుతోందా? హైదరాబాద్‌లో టైర్లు మార్చేటప్పుడే చూసుకోండి

మేడ్చల్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పైకి శ్రీనగర్ దాకా పోతుంది. ఆ రోడ్డు పట్టుకుని అంబాలా వరకు వెళ్లి, అక్కణ్ణుంచి కొండల వైపు తిరిగితే మనాలీ వస్తుంది. హైదరాబాద్ నుంచి దాదాపు 2,100 కిలోమీటర్లు. పిల్లలకు మంచు చూపిద్దామని సొంత బండిలో బయలుదేరేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే మూడు నాలుగు కుటుంబాలు ఉన్నారు. వెళ్లేముందు అందరూ ఇంజిన్ ఆయిల్ మార్పిస్తారు, బ్రేకులు, బ్యాటరీ చూపిస్తారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "గాడులు బాగానే ఉన్నాయి కదా" అని వదిలేస్తారు. నేనూ అలాగే వదిలేశాను.

జనవరిలో మనాలీ పైన ఉన్న అటల్ టన్నెల్ దాటి, సిస్సు అనే ఊరి వైపు దిగుతున్నాం. గంటకు పది కిలోమీటర్ల వేగం కూడా లేదు. బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు, రెండు కార్ల పొడవు అలా జారుకుంటూ పోయింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. ముందు ఆగి ఉన్న టెంపో ట్రావెలర్ బంపర్‌కు జానెడు దూరంలో నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ జానెడు దూరం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అందుకే తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

బండి ఎత్తు ఎక్కుతుంది, బ్రేకు కొడితే మాత్రం ఆగదు

ఫోర్ బై ఫోర్ బండి అయితే మంచు మీద భయం లేదన్న అపోహ ముందుగా తీసేయాలి. ఫోర్ బై ఫోర్ అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. ఆపడంలో మాత్రం దాని సాయం ఏమీ ఉండదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆ చక్రాలు రోడ్డును పట్టుకునేది ఒక్కొక్కటి అరచేయంత రబ్బరుతోనే. ఫోర్ బై ఫోర్ ఉన్న బండి హాయిగా ఎక్కేస్తుంది కాబట్టి మనకు ధైర్యం పెరుగుతుంది, రోడ్డు ఎంత జారుగా ఉందో దిగేటప్పుడు గానీ తెలియదు.

మర్నాడు పొద్దున హోటల్ బయట టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి చూశాను. ఇంటి దగ్గర సెల్లార్‌లో అయితే ఆ రబ్బరు మీద గోటి గుర్తు సన్నగా పడి, మెల్లగా మాయమవుతుంది. అక్కడ గుర్తే పడలేదు, గోరే వెనక్కి వంగింది. ప్లాస్టిక్ దువ్వెనను నొక్కినట్టుంది.

అసలు కారణం అదే. మనం మామూలుగా వేసుకునే టైర్ల రబ్బరు మన ఎండలకు తగ్గట్టు తయారైంది. వాతావరణం సుమారు 7 డిగ్రీల కిందికి దిగేసరికి అది బిగుసుకుపోవడం మొదలవుతుంది. మైనస్‌లోకి వెళితే మంచు మీద రాయిలా జారుతుంది. చలికాలం టైర్ల రబ్బరులో సిలికా ఎక్కువ పాళ్లలో ఉంటుంది, ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. గాడుల మధ్య పైకి లేచి ఉండే దాని రబ్బరు దిమ్మెల మీద కత్తితో గీసినట్టు సన్నటి చీలికలు బోలెడు ఉంటాయి. వాటిలో మంచు ఇరుక్కోవాలి. పిల్లలు మంచు ఉండలు చేసేటప్పుడు చూడండి, మంచుకు మంచు ఎంత బాగా అతుక్కుంటుందో. టైరులో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును అలాగే పట్టుకుంటుంది.

"ఇది మంచు టైరే" అని షాపులో చెప్పారు, అయినా జారింది

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

నేను టైర్లు కొన్న చోట షాపతను పక్కగోడ మీద "ఎం ప్లస్ ఎస్" అన్న అక్షరాలు చూపించి, "మంచులోకైనా పోవచ్చన్నా, దీని మీదే రాసుంది" అన్నాడు. ఆ అక్షరాలకు బురద, మంచు అనే అర్థం. అతను అబద్ధం చెప్పలేదు. కానీ ఆ గుర్తు గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారు తనంతట తాను వేసుకునేది. ఆ టైరును మంచు మీద నడిపి పరీక్షించి ఉండాలన్న నియమం దానికి లేదు.

మీరు వెతకాల్సింది వేరే గుర్తు. మూడు శిఖరాలున్న కొండ బొమ్మ, దాని లోపల ఒక మంచు రేకు. మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైరుకే అది వేస్తారు. టార్చి వేసి, వేలితో తడిమి మరీ చూడండి. అది లేకపోతే, పేరు ఎంత గంభీరంగా ఉన్నా మంచు కోసం ఆ టైరు కొనకండి.

రాణిగంజ్ వైపు వెళ్లి ఎస్‌యూవీ టైర్లు అడిగితే మీ ముందు మూడు రకాలు పెడతారు. హైవే టైరు, అంటే హెచ్‌టీ. అన్ని రకాల దారులకూ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్, అంటే ఏటీ. బురద దారుల కోసం చేసే మడ్ టెర్రెయిన్, అంటే ఎంటీ. పెద్ద పెద్ద దిమ్మెలతో ఎంటీ చూడటానికి భీకరంగా ఉంటుంది, దానికైతే తిరుగుండదు అనిపిస్తుంది. లోతైన బురదలో నిజంగానే తిరుగులేదు. గట్టిపడిన మంచు మీద మాత్రం ఆ పెద్ద దిమ్మెలకు సన్నటి చీలికలు తక్కువ, రోడ్డుకు తగిలే రబ్బరూ తక్కువ. జారిపోతుంది. మనాలీ కోసం ఎంటీ వేయించుకుంటానన్న మా బావమరిదిని నేను గట్టిగానే వారించాను.

మరి ఏది కొనాలి? ఏడాదిలో 350 రోజులు మీ బండి మెహదీపట్నంలో, ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగేదైతే పూర్తి చలికాలం టైరు వద్దు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది. పొడి రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, మలుపుల్లో బండి ఊగినట్టుంటుంది. మంచు రేకు గుర్తున్న ఏటీ టైరు తీసుకోండి. కొంచెం శబ్దం వస్తుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది. అయినా వానాకాలం గుంతల రోడ్లకూ, జనవరి కొండలకూ కలిపి నేను అదే ఎంచుకున్నాను. మీ సైజులో అది వెంటనే దొరక్కపోతే తెప్పించమనండి, అందుకు నెల ముందే అడగండి. ఉద్యోగం మీద రెండు మూడు శీతాకాలాలు కొండల్లోనే ఉండబోయేవాళ్లు అయితే పూర్తి చలికాలం టైర్లే కొనుక్కోవాలి, అందులో రెండో ఆలోచన వద్దు. ఎండాకాలానికి తిరిగి మామూలువి మార్చుకోవచ్చు.

టైరు కొత్తదే, గాడులు నిండుగా ఉన్నాయి, పట్టు మాత్రం లేదు

తయారీ తేదీ చూడండి. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. 3625 అంటే 2025లో 36వ వారం, సెప్టెంబర్ మొదట్లో తయారైందన్నమాట. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, మన ఎండల్లో ఇంకా తొందరగా. నాలుగు టైర్ల తేదీలూ బిగించక ముందే మీరే చదవండి. కొన్నిసార్లు ఆ అంకెలు లోపలి వైపుకు ఉంటాయి, బిగించాక కనపడవు. ఏడాది దాటిన స్టాక్ అయితే నేను తీసుకోను. ఇప్పటికే బండికి ఉన్నవి ఐదారేళ్లు దాటి, పక్కగోడల మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తుంటే గాడులు ఎంత లోతున్నా కొండలకు తీసుకెళ్లకండి.

ఇంకొకటి. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది. అది పోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నడవాలి. నాగ్‌పూర్ దాకా ఉన్న 500 కిలోమీటర్లు అందుకు సరిపోతాయి, కాబట్టి కొత్తవి ఇక్కడే వేయించుకుని బయలుదేరండి.

కరిగిన మంచులో స్టీరింగ్ తేలిపోతోంది

గాడుల లోతు చాలట్లేదు. చట్టం ఒప్పుకునేది 1.6 మిల్లీమీటర్ల దాకా. గాడుల మధ్య కనిపించే చిన్న గట్లు ఆ హద్దునే చూపిస్తాయి. మంచుకు అది ఏ మూలకూ సరిపోదు, కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి. లోతు కొలిచే చిన్న గేజీ చవకగా దొరుకుతుంది. టైరుకు లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా కొలవండి. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ కొట్టించారు, రెండు అంచులూ అరిగితే తక్కువ కొట్టించారు, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయింది. ఆ లోపం సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

మలుపులో వెనక భాగం పక్కకు తిరుగుతోంది

డబ్బు ఆదా అవుతుందని ముందు రెండే మార్చి ఉంటారు. ముందు చక్రాలకు పట్టు ఉండి వెనక లేకపోతే బండి తోక తిప్పుతుంది, దాన్ని సరిచేయడం చేయి తిరిగిన డ్రైవర్‌కు కూడా కష్టం. నాలుగూ ఒకే రకం వేయించండి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందే బండ్లలో టైర్ల మధ్య గాడుల లోతు తేడా ఎక్కువైతే, చక్రాలకు బలం పంచే గేర్లకూ దెబ్బే. స్టెప్నీ సైజు కూడా ఇప్పుడే చూసుకోండి. చాలా కొత్త బండ్లలో అది చిన్న సైజులో ఇస్తున్నారు, కొన్నింట్లో అసలు ఇవ్వడం లేదు.

అందం కోసం వెడల్పు పెంచకండి. కంపెనీ చెప్పిన సైజే వేయండి. పక్కగోడ మీద 235/65 ఆర్ 17 అన్న సైజు తర్వాత 104 అని ఉంటే ఆ టైరు 900 కిలోలు మోస్తుంది. ఆ అంకె తగ్గకూడదు.

మనాలీలో పొద్దున్నే డాష్‌బోర్డు మీద టైరు గాలి లైటు వెలిగింది

పంక్చర్ అనుకుని టెన్షన్ పడకండి. ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో సుమారు ఒక పాయింటు (పీఎస్‌ఐ) గాలి తగ్గుతుంది. ఇక్కడ మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 33 కొట్టించి వెళితే, అక్కడ మైనస్ 5లో ఆరు పాయింట్లు పోతాయి. ఎత్తు వల్ల గేజీ రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి 29 దగ్గర కనిపిస్తుంది. నైట్రోజన్ నింపినా ఇంతే. పొద్దున బండి కదలక ముందు, డ్రైవర్ డోరు దగ్గర రాసిన లెక్కకు నింపండి. మంచులో పట్టు కోసం గాలి తగ్గించమని ఎవరైనా చెబితే రోడ్డు మీద అది వినకండి. మైదానాలకు దిగాక మళ్లీ సరిచూసుకోండి.

టైర్లన్నీ సరైనవే, అయినా తెల్లవారుజామున జారింది

మనం స్నో, ఐసు రెండింటినీ మంచు అనే అంటాం. టైరుకు అవి రెండూ వేరు. వంతెనల మీద, టన్నెల్ నోటి దగ్గర, కొండ నీడలో రోడ్డు ఊరికే తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది ఐసు పొర. దాని మీద ఏ మామూలు టైరూ నిలబడదు. ఎండ వచ్చేదాకా ఆగాలి, లేదా చైన్లు వేయాలి. మంచు ఎక్కువ పడిన రోజుల్లో అక్కడి పోలీసులు ఫోర్ బై ఫోర్ లేదా చైన్లు లేని బండిని పైకి వదలరు కూడా.

చైన్లు మీ టైరు సైజుకే కొనండి. క్రెటా లాంటి వాటికి ముందు చక్రాలకు, వెనక చక్రాలు లాగే స్కార్పియో, క్రిస్టా లాంటి వాటికి వెనక వాటికి వేయాలి. ఫోర్ బై ఫోర్‌కు మాన్యువల్ ఏం చెబితే అది. వేశాక 40 దాటకండి, పొడి రోడ్డు రాగానే విప్పేయండి.

ఒకసారి ఇంటి దగ్గరే వేసి చూసుకోండి. మా సెల్లార్‌లో మొదటిసారి నాకు ముప్పావుగంట పట్టింది. లోపలి వైపు కొక్కెం ఎక్కడ తగులుతుందో తెలియక, మోచేతులు గచ్చుకు గీసుకుపోయాయి. నాలుగోసారికి పన్నెండు నిమిషాలు. అక్కడ చేతులు కొంకర్లు పోతుంటే గ్లవుజులతోనే చేయాలి కాబట్టి ఇక్కడా గ్లవుజులు వేసుకునే చేశాను. వేశాక వంద మీటర్లు నడిపి, దిగి, వదులైన చైన్‌ను ఇంకోసారి లాగి బిగించాలి.