పెంపుడు పిల్లి ఇబ్బంది పెడుతుంటే: కారణం వెతకడం, ఇల్లు సర్దడం

ఇంట్లో పిల్లి పరుపు తడిపినా, సోఫా చీరినా, ఒళ్లో పడుకుని ఉన్నట్టుండి చేయి కొరికినా, అది పగబట్టి చేస్తోందని అనుకునేవారు మన వైపు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. చీపురు తిరగేయడం, చివరకు గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి రావడం ఆ నమ్మకం వల్లే జరుగుతున్నాయి. పిల్లికి అలాంటి పగ ఉండదు. నొప్పి, భయం, తన చోటు మరొకరి పాలవుతోందన్న ఆందోళన, పుట్టుకతో వచ్చిన అవసరం ఏదో తీరకపోవడం, వీటిలో ఒకటి దాదాపు ప్రతి సమస్య వెనుకా కనిపిస్తుంది. అందువల్ల మొదట ఒక వారం పాటు అది ఏ పని, ఎక్కడ, ఏ వేళకు చేస్తోందో, అంతకుముందు ఇంట్లో ఏమి జరిగిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. మందుల కంటే ముందు ఆ కాగితమే పనికివస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మూత్రం గురించి. ఇంతకాలం శుభ్రంగా ఉన్న పిల్లి హఠాత్తుగా ఎక్కడపడితే అక్కడ పోస్తుంటే ముందుగా జబ్బునే అనుమానించాలి. మూత్రాశయం వాచినా, రాళ్లు ఏర్పడినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, మధుమేహం వచ్చినా ఇదే జరుగుతుంది. ముఖ్యంగా మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాక అవస్థ పడుతుంటే దాని మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే స్థితి ఇది. తెల్లవారే వరకు చూద్దామని ఆగకూడదు. విజయనగరం జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. దూరమైనవారు దగ్గరలోని పశువుల ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి. నొప్పి తగ్గుతుందని ఇంట్లోని పారాసెటమాల్ మాత్ర మాత్రం వేయకూడదు, ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు.

జబ్బు లేదని తేలితే ఇసుక తొట్టెను చూడాలి. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, జల్లెడ పట్టిన సన్న ఇసుకను రెండు మూడు అంగుళాల మందాన పోస్తే చాలు, ఖరీదైనవి కొననక్కరలేదు. దానిని తిండి గిన్నెకు దూరంగా, మనుషుల రాకపోకలు తక్కువగా ఉన్న మూలన పెట్టాలి. వాషింగ్ మెషీన్ పక్కన పెట్టి, అది తిరుగుతున్నప్పుడు పిల్లి బెదిరి పారిపోతోందని నిందించడం న్యాయం కాదు. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒక తొట్టె ఎక్కువ ఉండాలి. మలాన్ని రోజూ తీసివేయాలి. గర్భిణులు ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి, ఎందుకంటే పిల్లి మలం ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

నేల మీద కూర్చుని పోయడం వేరు, గోడకు వీపు తిప్పి నిలబడి, తోక వణికిస్తూ చిమ్మడం వేరు. రెండోది సరిహద్దు గుర్తు. శ్రీకాకుళంలో మా వీధిలోని ఒక ఇంట్లో గండుపిల్లి రోజూ వీధివైపు కిటికీ కింద మాత్రమే చిమ్మేది. ఇంటివారు తొట్టె మార్చారు, ఇసుక మార్చారు, ఫలితం లేదు. చివరకు తేలిందేమిటంటే, సాయంత్రం ఆరు దాటగానే ఎదురింటి పిట్టగోడ మీదకు మరో గండుపిల్లి వచ్చి కూర్చుంటోంది. కిటికీ కింది అద్దాలకు కాగితం అంటించి, ఇంటి పిల్లికి శస్త్రచికిత్స చేయించాక కొద్ది వారాల్లో ఆ అలవాటు పోయింది. పిల్లలు పుట్టకుండా చేసే ఈ ఆపరేషన్‌ను నాలుగు నుంచి ఆరు నెలల వయసులో, చిమ్మడం మొదలుకాకముందే చేయిస్తే ఎక్కువ మగపిల్లుల్లో ఆ అలవాటు రానే రాదు. ఆడపిల్లి ఎదకు వచ్చి రాత్రంతా అరిచే బాధ కూడా దీనితోనే తీరుతుంది.

తడిసిన చోటును ఫినాయిలుతో కడగడం మన ఇళ్లలో అలవాటు. ఫినాయిలులో ఉండే ఫీనాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటినది నాకితే విషమవుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలు మూత్రం వాసనను పోలి ఉండి, మళ్లీ అక్కడికే రప్పిస్తాయి. ఎంజైములున్న బట్టల పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి కడిగి, మంచినీటితో తుడిచి ఆరబెట్టడం మేలు.

గీరడం మానిపించాలని చూడడం వృథా. గోళ్ల పైపొర ఊడడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పాదాల్లోని గ్రంథుల వాసనను వదలడానికి పిల్లి గీరి తీరుతుంది. దానికి సొంత వస్తువు ఇవ్వాలి. గోగు పండే మన జిల్లాల్లో గోగునార తాడు దొరకనిది కాదు. మూడడుగుల కర్రదుంగకు ఆ తాడును సందు లేకుండా బిగించి చుట్టి, ఊగకుండా బరువైన పలకకు మేకులు కొట్టి నిలబెట్టాలి. ఊగిసలాడే దుంగను పిల్లి రెండోసారి ముట్టదు. దానిని మూలన దాచకుండా, పిల్లి నిద్రలేచే చోటుకు దగ్గరగా లేదా చీరుతున్న సోఫా పక్కనే పెట్టి, సోఫా అంచుకు కొన్నాళ్లు మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పాలి. దుంగను గీరిన ప్రతిసారీ చిన్న చేప ముక్క పెడితే త్వరగా అలవాటు పడుతుంది. రెండు మూడు వారాలకొకసారి గోరు కొనను మాత్రమే, లోపలి గులాబీరంగు భాగం తగలకుండా కత్తిరించాలి.

కొరకడానికి ముందు పిల్లి చెబుతూనే ఉంటుంది. తోక కొస అటూఇటూ కొడుతుంది, వీపు చర్మం అదురుతుంది, చెవులు పక్కలకు వాలతాయి, కనుపాపలు పెద్దవవుతాయి. ఆ క్షణంలో నిమరడం ఆపేయాలి. పిల్లిపిల్లతో చేతివేళ్లు ఆడించడం ముద్దుగానే ఉంటుంది గానీ, పెద్దయ్యాక అది చేతినే వేటగా చూస్తుంది; తాడు కొసకు కట్టిన గుడ్డముక్కతో ఆడించాలి. తల్లి నుంచి ఎనిమిది వారాల లోపు వేరుచేసిన పిల్లలకు కొరుకుడులో అదుపు తెలియదు, కాబట్టి అంతకుముందు తెచ్చుకోకూడదు. కొరికినా రక్కినా ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా గురించి వైద్యుణ్ణి కలవాలి. పిల్లికి మూడు నెలల వయసులోనే ఆ టీకా వేయించి, తర్వాత వైద్యుడు చెప్పిన గడువుల్లో కొనసాగించాలి.

వంటింట్లో ఎండుచేపలు లాక్కుపోయే పిల్లికి ఏం పెడుతున్నారో చూడండి. పాలన్నంతో పిల్లి బతకలేదు. మాంసాహారంలో దొరికే టారిన్ అనే పోషకం లోపిస్తే చూపు, గుండె దెబ్బతింటాయి. ముళ్లు తీసిన ఉడికించిన చేప, కోడి మాంసం, లేదా పిల్లుల కోసం తయారైన ఆహారం పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు ముక్కలు వద్దు.

తెల్లవారుజామున నాలుగింటికి లేపే పిల్లులకు రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు పరుగెత్తించే ఆట, వెంటనే భోజనం ఏర్పాటు చేస్తే అవి నిద్రపోతాయి. అరవగానే లేచి తిండి పెడితే మాత్రం ఆ వేళే దానికి ఖాయమవుతుంది. ముసలి పిల్లి కొత్తగా రాత్రిళ్లు అరవడం మొదలుపెడితే థైరాయిడ్, రక్తపోటు, వినికిడి పరీక్షలు అవసరం.

గదిలో వేసి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. దెబ్బ తిన్న పిల్లి చేసిన పనిని మానదు, కొట్టిన మనిషికి దూరమవుతుంది. దీపావళి బాణసంచా మోగే రోజున, తుపాను గాలి తలుపులను బాదే రాత్రుల్లో మంచం కింద దూరిన పిల్లిని బయటకు లాగకూడదు. ఒక పక్క తెరిచిన అట్టపెట్టెలో దాని పాత గుడ్డ వేసి, నీళ్లు, ఇసుక తొట్టె దగ్గరగా పెట్టి, తలుపు దగ్గరకు వేసి వదిలేయాలి. మరునాటికి కూడా తిండి ముట్టకపోతే వైద్యుడికి చూపించాలి.