ఇంట్లో వెండి పని: ఎక్కడ చెడుతోంది, ఎందుకు, ఏం చేయాలి

బాల్కనీలో ఒక చెక్క బల్ల, వంటింటి కోసం అమ్మే చిన్న గ్యాస్ టార్చి, ఒక రంపం, నాలుగు ఆకురాళ్లు. ఇదీ నా దుకాణం. ఆరేళ్లుగా సెలవు రోజుల్లో మెట్టెలు, జుంకీలు, ఉంగరాలు చేస్తున్నాను, పాతవి కనిపిస్తే కొంటున్నాను, చేసిన వాటిలో సగం కరిగి ముద్దలయ్యాయని ఇంట్లోవాళ్లు లెక్క చెబుతుంటారు, ఆ లెక్క మరీ తప్పేం కాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఒక్కటి ముందే చెప్పేస్తా. మంట దగ్గర చెడిన వస్తువు చాలాసార్లు మంట వల్ల చెడదు. అరగంట ముందే ఆకురాయి దగ్గరో, కడిగే దగ్గరో చెడి ఉంటుంది, మంట దాన్ని బయటపెడుతుంది అంతే.

టంకం పూసలా గుండ్రంగా కూర్చుంటోంది, అతుకులోకి పారడం లేదు

అందరూ మొదట అడిగేది ఇదే. టంకం (వెండి ముక్కల్ని అతికే, వెండి కంటే తక్కువ వేడికి కరిగే లోహం) కరిగింది, కళ్లముందే పాదరసం చుక్కలా మెరుస్తోంది, కానీ అక్కడి నుంచి కదలదు. అప్పుడు ఎవరైనా చేసే పని మంట పెంచడం. ఆగండి, పెంచకండి.

ముందు జిడ్డు సంగతి చూడండి. ఆకురాయితో అంచులు చక్కగా రాసి, సమంగా వచ్చాయా లేదా అని వేలితో తడిమి చూస్తాం, ఆ వేలి జిడ్డు చాలు టంకం మొండికేయడానికి. కుంకుడు రసంతో గానీ అంట్ల సబ్బుతో గానీ కడిగి నీటి చుక్క వేయండి. చుక్క పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు, గోళీలా దొర్లితే ఇంకా జిడ్డు ఉన్నట్టు. కడిగాక ఇక పట్టకారుతోనే ముట్టుకోవాలి.

తర్వాత సందు. "కాస్త ఖాళీ ఉంటే టంకమే నింపుకుంటుందిలే" అని నేనూ అనుకునేవాణ్ణి. టంకం గోడకు పూసే సిమెంటు కాదు, రెండు అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే ఆ ఇరుకులోకి పాకుతుంది. అతుకును కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి, గీతంత వెలుతురు కనిపించినా మళ్లీ రాయాల్సిందే.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా పారడం లేదంటే వేడి చోటు తప్పింది. టంకం ఎప్పుడూ వేడి ఎక్కువగా ఉన్న వైపుకే పోతుంది. మంటను నేరుగా టంకం ముక్క మీద పెడితే అది కరుగుతుంది, చుట్టూ వెండి చల్లగా ఉంటుంది, పోయే దారి లేక పూస కట్టి కూర్చుంటుంది. పైగా లోహాలన్నిటిలోనూ వేడిని బాగా పాకించేది వెండే, ఒక మూల కాలిస్తే మిగతా ముక్కంతా ఆ వేడిని లాగేసుకుంటుంది. అందుకని మంటను తిప్పుతూ వస్తువు మొత్తాన్నీ కాల్చాలి, పెద్ద ముక్క వైపు ఎక్కువసేపు, సన్న తీగ వైపు తక్కువసేపు. కళ్లు మాత్రం టంకం పారడానికి అతుకుకు పూసిన వెలిగారం (బొరాక్స్) మీదే ఉండాలి. అది ముందు పొంగుతుంది, పేలాల్లా తెల్లగా విచ్చుకుంటుంది, తర్వాత అణిగిపోయి గాజులా కరిగి నిగనిగలాడుతుంది. అక్కడి నుంచి టంకం పారడానికి ఎంతోసేపు పట్టదు. పారినప్పుడు అతుకు పొడవునా ఒక తెల్ల గీత చటుక్కున మెరుస్తుంది, ఆ క్షణమే మంట తీసేయాలి. బాగుందే అని మురిసిపోతూ ఇంకాసేపు కాలిస్తే టంకంలోని జింకు ఆవిరైపోయి అతుకులో సూది మొనంత గుంటలు పడతాయి, అవి మెరుగు పెట్టేటప్పుడు గానీ కనబడవు.

కింద ఏం పెట్టారో కూడా చూసుకోండి. స్టీలు ప్లేటు, గ్రానైట్ ముక్క వేడిని తాగేస్తాయి. తేలికగా ఉండే ఫైర్ బ్రిక్ గానీ, చదును చేసిన బొగ్గు దిమ్మ గానీ వాడండి. ఫ్లోర్ టైలు మాత్రం వద్దు, అది పగిలి పెంకులు మొహం మీదికి ఎగురుతాయి.

ఇప్పటికే పూస కట్టేసిందా? చల్లార్చి, నిమ్మ ఉప్పు వేసిన వేడి నీళ్లలో తెల్లబడేదాకా ఉంచి, కడిగి, వెలిగారం రాసి మళ్లీ మొదటి నుంచి.

వెలిగారం పొంగులో టంకం ముక్క కొట్టుకుపోతోంది

తడి ఆరకముందే మంట పెట్టారు. జానెడు దూరం నుంచి మంట చూపించి ఆరనివ్వండి, పొంగు అణిగాక ముక్క జరిగి ఉంటే పట్టకారు మొనతో నెట్టి చోటుకు తేవచ్చు.

రెండో అతుకు వేస్తుంటే మొదటిది ఊడిపోతోంది

ఒకే రకం టంకంతో అన్నీ వేస్తున్నారు. టంకంలో హార్డ్, మీడియం, ఈజీ అని ఉంటాయి, ఒకదాని కంటే ఒకటి తక్కువ వేడికే కరుగుతుంది, ఆ వరుసలోనే వాడాలి. 925 వెండి (వెయ్యిలో 925 పాళ్లు వెండి) 800 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలై సుమారు 893కి పూర్తిగా కరిగిపోతుంది, హార్డ్ టంకం 745 ప్రాంతంలో కరగడం మొదలై 780 దగ్గర పారుతుంది (కంపెనీని బట్టి అటూ ఇటూ). అంటే మన చేతిలో ఉన్న తేడా ఎంత తక్కువో చూడండి, సన్న కొక్కేలు కళ్లముందే ముద్దయ్యేది ఇందుకే. పాత అతుకు మీద జేగురు మట్టిని నీళ్లతో కలిపి పూస్తే టంకం అక్కడ కదలదు. కొత్త అతుకు వైపు మాత్రం ఆ మట్టి ఒక్క నలుసు కూడా పడనివ్వకండి.

టంకం వేస్తుంటే గొంతు పట్టేస్తోంది, ఊపిరి బరువుగా ఉంది

పని వెంటనే ఆపేయండి. బజార్లో విడిగా దొరికే టంకంలో కాడ్మియం ఉండవచ్చు. బంగారం కొట్లలో ఒకప్పుడు గొప్పగా చెప్పిన కేడీఎం అన్న మాట కాడ్మియం నుంచి వచ్చిందే. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మనం టంకం వేసే వేడిలోనే పొగైపోతుంది, ఆ పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది, పైగా అసలు ఇబ్బంది కొన్ని గంటల తర్వాత జ్వరంలా మొదలవుతుంది కాబట్టి జలుబేమో అనుకుంటాం. అలా అయితే డాక్టర్ దగ్గరికి వెళ్లి కాడ్మియం పొగ పీల్చానేమో అని ఆ మాటే చెప్పండి. ఇకపై కాడ్మియం లేని టంకమే అని అడిగి, ప్యాకెట్ మీద రాసి ఉన్నదే కొనండి. మూతికి కట్టుకున్న గుడ్డ దీన్ని ఆపదు. కిటికీ తెరిచి, ఫ్యాను పొగను బయటికి నెట్టేలా పెట్టుకోండి. ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

నిమ్మ ఉప్పు నీళ్లలోంచి తీస్తే వెండి ఎర్రగా వచ్చింది

కంగారు పడకండి, అది రాగి పూత. అందులో ఇనుప పట్టకారో, తీయడం మర్చిపోయిన కట్టుతీగో పడి ఉంటుంది. పాతబడిన నీళ్లలో ముందే కరిగి ఉన్న రాగి, ఇనుము తగలగానే వెళ్లి వెండి మీద పేరుకుంటుంది. ఇనుము తీసేయండి, కొత్తగా కలిపిన నిమ్మ ఉప్పు నీళ్లలో మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం వేసి వస్తువును ముంచండి, ఎరుపు పోతుంది. ముంచడానికీ తీయడానికీ వెదురు పుల్లలు గానీ రాగి పట్టకారు గానీ వాడితే ఈ గొడవే ఉండదు. నాకు పని నేర్పిన ఆచారి గారు ఇప్పటికీ చింతపండు పులుసులోనే ఉడికిస్తారు, ఆలస్యమైనా చక్కగా తెల్లబడుతుంది.

ఎంత మెరుగు పెట్టినా ఊదారంగు నీడ పోవడం లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఉంగరం అద్దంలా ఉంటుంది. పొద్దున తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే పొగ పట్టినట్టు మచ్చలు. గుడ్డతో రుద్దితే చుట్టూ మెరుపు పెరుగుతుంది, మచ్చ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

925 వెండిలో 7.5 శాతం మరో లోహం, సాధారణంగా రాగి. ఎర్రగా కాల్చినప్పుడు గాలిలోని ఆక్సిజన్ వెండి లోపలికి దిగి అక్కడి రాగిని పట్టేస్తుంది. పైనున్న నలుపు నిమ్మ ఉప్పుకి పోతుంది కానీ లోపలి పొరలోది పోదు. అంటే తప్పు మెరుగు దగ్గర జరగలేదు, టంకం వేసేటప్పుడు జరిగింది, అదీ ఎక్కువసేపు ఎక్కువ మంటలో ఉంచినందుకు. వచ్చేశాక దారులు రెండే. 400 నంబరు ఎమరీతో ఆ పొర అరిగేదాకా రుద్ది, ఆపైన 600, 1000 అంటూ మళ్లీ ఎక్కడం ఒకటి. నగిషీ ఉండి రుద్దడం కుదరకపోతే, ఎరుపెక్కకుండా సన్నగా వేడిచేయడం, నిమ్మ ఉప్పులో వేయడం, ఇత్తడి బ్రష్‌తో రుద్దడం ఇలా నాలుగైదు సార్లు చేస్తే పైన శుద్ధ వెండి పొర తేలి మచ్చను కప్పేస్తుంది.

రాకుండా చేయడం చాలా తేలిక. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌ను స్పిరిట్‌లో కలిపి, వస్తువును ముంచి తీసి, దూరంగా పెట్టి వెలిగిస్తే ఆకుపచ్చ మంటతో స్పిరిట్ కాలిపోయి తెల్లటి పూత మిగులుతుంది. వెలిగించే ముందు స్పిరిట్ సీసా మూత బిగించి ఇంకో గదిలో పెట్టి రండి, మర్చిపోయేవాళ్లు ఈ పద్ధతి జోలికి రాకండి. 999 శుద్ధ వెండితో చేస్తే అసలీ మచ్చే రాదు, కాకపోతే అది మెత్తన, ఉంగరాలకు నిలవదు.

తీగ లాగుతుంటే పుటుక్కున తెగిపోతోంది

కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే బెజ్జాల పలకలో) రెండు మూడు బెజ్జాలు దాటగానే వెండి గట్టిపడుతుంది, ఇంకా లాగితే తెగుతుంది. చుట్టలా చుట్టి, చీకటి మూలలో మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ లాగండి. పట్టపగలు ఎండలో కాలిస్తే ఆ ఎరుపు కనబడదు, కనబడే సరికి తీగ కరిగి ఉంటుంది. బెజ్జానికి కొంచెం మైనం రాయండి.

కొలత చూసి చేసినా రింగులు ఇమడటం లేదు, ఉంగరం బిగుతైంది

రింగులతో గొలుసు అల్లేవాళ్లకు గేజి (తీగ మందం చెప్పే నంబరు) దగ్గర దెబ్బ పడుతుంది. అమెరికా వీడియోలో 20 గేజి అంటే 0.81 మి.మీ., మనకు దొరికేది ఎక్కువగా బ్రిటిష్ గేజి, అందులో 20 అంటే 0.91. 18 అయితే 1.02కి బదులు 1.22. నంబరు వదిలేసి మిల్లీమీటర్లలో అడగండి, డిజిటల్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి.

ఉంగరం సంగతి వేరు. లోపలి వ్యాసాన్ని 3.14తో గుణించి రేకు కోసేస్తాం, రేకు మందం మర్చిపోతాం. లోపల 17 మి.మీ. కావాలి, రేకు 1.5 మి.మీ. మందం అనుకోండి, 17కి 1.5 కలిపి గుణించాలి, 58 మి.మీ. వస్తుంది. కలపకపోతే 53, అది కణుపు దాటదు.

రంపం బ్లేడులు వరసగా విరుగుతున్నాయి

పళ్లు కిందికి చూస్తున్నాయా, వేలితో మీటితే ఖంగుమంటోందా చూడండి. మలుపు దగ్గర రంపాన్ని తిప్పకండి, ఉన్నచోటే కిందికీ పైకీ ఆడిస్తూ రేకును తిప్పండి.

మూసిన గుండు పేలింది

జుంకీ కింద వేలాడే గుండు కోసం రెండు దొప్పలు అతికాను, కంటికి సందు లేదు. నిమ్మ ఉప్పులో వేశాను, కడిగాను, పైన కొక్కెం అతుకుదామని మంట పెట్టాను. టప్ అని చప్పుడు, గుండు లేదు, బాల్కనీ గ్రిల్‌కి తగిలి కింద పూలకుండీలో పడింది. కంటికి కనబడని సందులోంచి లోపలికి దూరిన నీరు ఆవిరై బయటికి వచ్చే దారి లేక పేల్చేసింది. బోలుగా ఉండే దేనికైనా మూసే ముందే కనబడని వైపు ఒక మి.మీ. రంధ్రం చేయాలి. నిమ్మ ఉప్పులో వేసి తీశాక వంటసోడా నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడే మళ్లీ మంట. కళ్లద్దాలు పెట్టుకోవడం ఆ రోజు నుంచి అలవాటైంది.

కొన్న జుంకీలు పెట్టుకుంటే చెవి దురద, ఉంగరం పెడితే వేలు ఆకుపచ్చ

జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు, అంతే. దురద ఎక్కువగా నికెల్ వల్ల. నెయిల్ పాలిష్ పూయడం వారం ముచ్చట, కొక్కేలు తీసేసి 925 వెండివి వేసుకోండి, పుండు పడితే మానేదాకా ఏదీ పెట్టకండి. ఆకుపచ్చ మాత్రం రాగికి చెమట తగిలి వచ్చే రంగు, సబ్బుతో పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

దాచినవన్నీ నల్లబడ్డాయి

ఓసారి నాలుగు జతల జుంకీలను కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టాను. రెండు నెలలకు తీస్తే బ్యాండు ఉన్నచోట సరిగ్గా దాని వెడల్పున నల్ల చార. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండికి అదే శత్రువు. న్యూస్‌పేపరు, ఉన్ని గుడ్డ, వంటింటి అలమర కూడా వద్దు. ఒక్కోదాన్ని ఒక్కో జిప్ కవర్లో గాలి తీసి పెట్టండి.

నలుపు పోవాలంటే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వస్తువు దానికి తగిలేలా పెట్టి, ఒక పెద్ద చెంచా వంటసోడా వేసి మరిగే నీళ్లు పోయండి. కుళ్లిన గుడ్డు వాసన కొంచెం వస్తుంది, గంధకం వెండిని వదిలి పోతోందన్నమాట. ముత్యాలు, పగడాలు, జిగురుతో అతికిన రాళ్లు, కావాలని నల్లగా చేసిన యాంటిక్ పని అందులో వేయకండి. మన ఇళ్లలో విభూతితో తోముతారు కదా, పళ్లేలకు పర్లేదు, 2007లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన కరీంనగర్ వెండి తీగ పని లాంటి వాటికి మాత్రం వద్దు, ఆ పొడి తీగల సందుల్లో ఇరుక్కుని ఇక రాదు. వాటికి కుంకుడు నురగ, మెత్తని బ్రష్ చాలు.

పాత కడియం నెర్రె విచ్చింది, అతుకు వేయొచ్చా?

ముందు లోపల ఏముందో చూడండి. సంతలో నేను కొన్నది "గట్టి వెండి" అన్నారు. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, కడియాన్ని దారంతో అడుగు తగలకుండా మునిగేలా వేలాడదీస్తే 9.4 చూపించింది. కడియం బరువు 62 గ్రాములు, భాగిస్తే 6.6, అంటే అంతే నీటి కంటే అన్ని రెట్లు బరువు. గట్టి 925 వెండి అయితే 10.3 దాకా రావాలి, ఇత్తడైనా 8.5 వస్తుంది, కాబట్టి ఇది బోలు. గోటితో కొడితే మోగకుండా మొద్దుగా పలికింది, నెర్రెలోంచి సూది మొనకు గోధుమరంగు పొడి వచ్చింది, లక్క. దానికి మంట చూపిస్తే లక్క ఉడికి నెర్రెలోంచి తన్నుకొస్తుంది, మరిగే నీళ్లు కూడా పనికిరావు. నిజంగా అతుకు కావాలంటే లక్క తీసి, అతికి, మళ్లీ నింపగల ఆచారి దగ్గరికే తీసుకెళ్లాలి. నేను నెర్రె మీద సన్నటి వెండి తీగను దగ్గర దగ్గరగా పదకొండు చుట్లు చుట్టి, కొసను తీగ కిందికి దోపేశాను.