సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొంటున్నారా? బిల్లులు రాసే మనిషిగా నా మాట వినండి

హైదరాబాద్ మూసాపేటలో మాకు చిన్న గ్యారేజీ ఉంది. బండి కింద దూరేది మా ఆయన, బిల్లు రాసేది నేను. 14 ఏళ్లుగా ఇదే పని. ముచ్చటపడి పెద్ద బండి కొనుక్కుని, ఆరు నెలలు తిరక్కుండానే నా టేబుల్ ముందు తల పట్టుకుని కూర్చునే వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే రాస్తున్నాను.

60, 70 లక్షల బండి పదేళ్లు తిరిగాక 14, 15 లక్షలకు దొరుకుతుంది. కానీ అందులోని పార్టుల ధర మాత్రం తగ్గదు. కొనేముందు ఈ లెక్క ఇంట్లో అందరికీ అర్థం కావాలి.

మొన్న వేసవిలో నిజాంపేట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. "అక్కా, రాత్రి బాగానే పార్క్ చేశాను. పొద్దున చూస్తే ముందు ఎడమ పక్క కూర్చుండిపోయింది" అన్నాడు. ఎయిర్ సస్పెన్షన్ బండి అది. ఇలాంటి వాటిలో స్ప్రింగుల బదులు గాలి నిండిన రబ్బరు తిత్తులు ఉంటాయి. మన ఎండలకు, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడతల దగ్గర సన్నగా పగిలి గాలి కారుతుంది. తగ్గిన గాలి నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. డాష్‌బోర్డు మీద లైటు మూడు వారాల నుంచి వెలుగుతూనే ఉందట. సెన్సర్ తప్పేమో అనుకుని తిప్పేశాడు పాపం. నేను రాసిన బిల్లు ఇదీ: బయటి కంపెనీ స్ట్రట్ (గాలి తిత్తితో కలిసి వచ్చే షాక్ అబ్జార్బర్) 58,000, కంప్రెసర్ 46,000, రిలే 1,200, లేబర్ 9,000. మొత్తం 1,14,200 రూపాయలు. లైటు వెలిగిన రోజే వచ్చి ఉంటే కంప్రెసర్ ఖర్చు మిగిలేది.

ఈ లీకు పట్టుకోవడానికి మెకానిక్కే అక్కర్లేదు, టైలర్ టేపు చాలు. సాయంత్రం బండిని సమంగా ఉన్న చోట నిలబెట్టించి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ (చక్రాన్ని కప్పే రేకు) అంచు దాకా నాలుగు వైపులా కొలిచి కాగితం మీద రాసుకోండి. తెల్లారి స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. ఏదో ఒక మూల రెండు మూడు సెంటీమీటర్లు దిగిందంటే అక్కడ గాలి పోతోందని అనుమానించాలి. తిత్తి మీద షాంపూ నీళ్లు కొడితే బుడగలు వచ్చిన చోటే పగులు. అమ్మేవాళ్లు ఒక రాత్రి ఆగమన్నా ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

పొద్దున్నే వెళ్లమనడానికి ఇంకో కారణం ఇంజన్. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే గొలుసు రేకుకు రాసుకున్నట్టు గరగర వినిపిస్తే టైమింగ్ చైన్, అంటే ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు, సంగతి చూడాలి. 2010 ప్రాంతపు బీఎండబ్ల్యూ 2 లీటర్ల డీజిల్, ఎన్47 అంటారు, దాని చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ ఒక్కటి మార్చాలన్నా ఇంజనో గేర్‌బాక్సో దించక తప్పదు. ఇలాంటి పనికి మా దగ్గరే రెండు లక్షలు దాటుతుంది. తెగితే ఇంజన్ మీదికే వస్తుంది.

తర్వాత గేర్‌బాక్స్. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద నిదానంగా ఎక్కించండి, మలుపు దగ్గర ఆపి మళ్లీ కదపండి. రెండు, మూడు గేర్ల మధ్య వెనక నుంచి ఎవరో నెట్టినట్టు అనిపించకూడదు. "దీనికి లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అని చెప్తారు. ఈ బండ్లలో చాలావాటికి గేర్‌బాక్సులు చేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కొన్నిటికి ఫిల్టరు, కింది ప్లాస్టిక్ పాను కలిసే వస్తాయి. ఆయిల్‌తో సహా మా బిల్లు 40,000 దాకా అవుతుంది. మార్చక పాడైతే గేర్‌బాక్స్ విప్పడమే, అప్పుడు లక్షల్లో మాట.

బీఎస్6, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ బండి అయితే మీరు రోజూ ఎంత దూరం నడుపుతారో ముందు ఆలోచించండి. సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టరు మసిని పట్టుకుంటుంది, పొగ బాగా వేడెక్కినప్పుడు ఆ మసిని కాల్చేసుకుంటుంది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పాకే బండికి ఆ వేడి రాదు. కాల్చడం సగంలో ఆగిపోతూ ఉంటే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ మట్టం పెరుగుతుంది. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట ఒకే వేగంతో నడిపితే చాలావరకు ఈ బాధ ఉండదు. ఆ వీలు లేనివాళ్లు పెట్రోల్ బండి చూసుకోవడం మేలు.

నీళ్లలో మునిగిన బండ్ల గురించి గట్టిగా చెప్పాలి. 2020 అక్టోబరు వానలకు టోలీచౌకి, ఎల్బీనగర్ వైపు కాలనీలు మునిగాయి, ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. పాలిష్ చేస్తే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టు పూర్తిగా, చివరిదాకా లాగండి. లోపలి భాగం మీద మట్టి గీత ఉందేమో చూడండి. స్టెప్నీ గుంతలో ఎండిన ఒండ్రు, సీటు కింద పట్టాల మీద తుప్పు ఉన్నాయా అని వేలు పెట్టి తడమండి. చాలా లగ్జరీ బండ్లలో ఎలక్ట్రానిక్ బాక్సులు సీట్ల కిందే, కార్పెట్ అడుగునే ఉంటాయి. తడిసిన బాక్సు ఆరు నెలలు పనిచేసి ఏడో నెల ఆగిపోవచ్చు.

బండి కంప్యూటర్లను చదివే స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఎర్రర్ కోడ్లు చెరిపేసి తెచ్చినా, ఈ మధ్యే చెరిపారని తెలుసుకునే వీలుంది. కొన్ని బండ్లలో గేర్‌బాక్స్, బ్రేకుల కంప్యూటర్లు కూడా కిలోమీటర్లు రాసుకుంటాయి. మీటరు వెనక్కి తిప్పినవాడు వాటిని మర్చిపోతాడు. ఈ చెకప్‌కి మేం 2,500 తీసుకుంటాం.

కాగితాల్లో ఫైనాన్స్ తీరిందా, అప్పు తీరిందని చూపే ఫారం 35 ఉందా చూడండి. వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తోందంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ కలిపి మళ్లీ ధర కట్టండి.

ఇక డబ్బు. మీ దగ్గర 15 లక్షలుంటే 12 లక్షల బండి చూడండి. ఆ మూడు లక్షలు మొదటి ఏడాది టైర్లకు, బ్రేకులకు, బ్యాటరీకి, ఇలాంటి ఒక పెద్ద రిపేరుకు. ఆ డబ్బును ఈఎంఐలో కలపకండి.

రిపేరుకు ఎక్కడ ఇచ్చినా, ముందు ఎస్టిమేట్ కాగితం మీద అడగండి. ఒరిజినలా, బయటి కంపెనీదా, పాత బండి నుంచి తీసిందా, మూడింటి ధరా విడివిడిగా రాయమనండి. రాణిగంజ్‌లో దొరికే పార్టయితే మీరే వెళ్లి ఒకసారి కనుక్కోవచ్చు, మేం ఏమీ అనుకోం. బిల్లులో పార్టు నంబరు ఉండాలి. తీసేసిన పార్టు తిరిగి అడగండి. నిజాంపేట అబ్బాయికి కాలిపోయిన కంప్రెసర్‌ని పాత పేపర్లో చుట్టి డిక్కీలో పెట్టించే పంపాను.