గొర్రెల దవడ కింద నీటి వాపు: మాకు పనిచేసిన పద్ధతి

కొండ మీద మేసే మా గొర్రెలు చిక్కిపోయి, దవడ కింద నీరు దిగింది. టానిక్కులు, లవణ మిశ్రమం, మామూలు నట్టల మందు, ఏదీ పనిచేయలేదు. కార్జపు జలగ (కాలేయంలో బతికే చదునైన పురుగు, నీళ్లలో ఉండే జలగ కాదు) అని అనుమానం వచ్చింది.

పెంటికల పరీక్ష తేలే పద్ధతిలో వద్దు, అడుగుకు దిగే పద్ధతిలో చేయమన్నాం. ఈ జలగ గుడ్లు బరువు, సరిగా తేలవు. గుడ్లు కనిపించాక డాక్టర్ చెప్పినట్టు తూకం వేసి, కిలోకు 10 మి.గ్రా. లెక్కన ట్రైక్లాబెండజోల్ తాగించాం. ఇది పిల్ల జలగల్నీ చంపుతుంది.

తర్వాత ఊట దగ్గర చిత్తడికి కంచె కట్టాం. గిట్టల గుంటల్లో చిన్న బురద నత్తలుండేవి. జలగ పిల్ల దశలో పెరిగేది వాటిలోనే, ఆపై బయటికొచ్చి అంచు గడ్డికి అంటుకుని, దాన్ని మేసే గొర్రెలకు సోకుతుంది. నీళ్లు గొట్టంతో గట్టి నేల మీది తొట్టిలోకి మళ్లించాం. అక్కడి నీటి ఆకుకూర పచ్చిగా తింటే మనకూ సోకుతుంది, మానేశాం.

వాపులు తగ్గాయి. మందు వల్లా, కంచె వల్లా, చెప్పలేను. కొన్నిచోట్ల జలగలు ఈ మందుకు లొంగవు, కాబట్టి మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. పాలిచ్చే వాటికి డాక్టర్ని అడక్కుండా వేయకండి.