ఇన్వెస్టర్‌కి అపార్ట్‌మెంట్ చూపించేటప్పుడు క్లబ్‌హౌస్ ఆఖర్న పెట్టండి

కాపురానికి ఫ్లాట్ కొనేవాళ్లు పూజగది ఎటుంది, వంటింట్లోకి వెలుతురు వస్తుందా అని చూస్తారు. పెట్టుబడికి కొనేవాడు ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోడు. అయినా మనం ఏజెంట్లం అతన్ని గేట్లోంచి నేరుగా స్విమ్మింగ్ పూల్ దగ్గరికే తీసుకెళ్తాం. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఫ్లాట్లు చూపించే రోజుల్లో నేనూ అదే చేసేవాణ్ణి. ఒకాయన నా జిమ్ము పురాణం వింటూ వింటూ ఫోనొచ్చిందని పక్కకెళ్లి వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు. "టు-లెట్లు ఎన్నున్నాయి బాబూ?" "నాలుగున్నాయి సార్, మూడో ఫ్లోర్‌ది దసరా నుంచి ఖాళీయే." ఇక్కడ ఫ్లాట్ ఖాళీ అవ్వడమే ఆలస్యం, ఎవరో ఒకరు దిగిపోతారని నేను చెప్పి ఐదు నిమిషాలు కాలేదు. ఆయన మళ్లీ నా ఫోన్ ఎత్తలేదు.

కాబట్టి ముందురోజే అసోసియేషన్ సెక్రటరీ దగ్గర కూర్చోండి. మొత్తం ఫ్లాట్లెన్ని, ఓనర్లు ఉంటున్నవెన్ని, అద్దెకిచ్చినవెన్ని, ఖాళీగా ఉన్నవెన్ని, మెయింటెనెన్స్ చదరపు అడుక్కి ఎంత, కార్పస్ ఫండ్‌లో (పెద్ద ఖర్చుల కోసం ఓనర్ల దగ్గర వసూలు చేసి దాచిన నిధి) ఎంత మిగిలింది, లిఫ్టుకి ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉందా, అన్నీ ఒకే కాగితం మీదకి తెచ్చుకోండి.

అద్దె లెక్క మీరే వేసి చూపించండి, అదీ నిజాయితీగా. ఉదాహరణకి ఫ్లాట్ 90 లక్షలు, రిజిస్ట్రేషన్, కప్‌బోర్డులు అన్నీ కలిపి కోటి అయిందనుకోండి. నెలకి 28,000 అద్దె, ఏడాదిలో ఒక నెల ఖాళీ అంటే వచ్చేది 3,08,000, అందులో ఆస్తి పన్నుకి, రంగులకి, రిపేర్లకి ఓ 25,000 తీసేస్తే 2,83,000, అంటే మూడు శాతం కూడా రాదు. ఈ మాట చెబితే పారిపోతాడని భయం అక్కర్లేదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఎంతో అతనికి మనకంటే బాగా తెలుసు, అద్దె కోసమే కాకుండా రేటు పెరుగుతుందనే వస్తాడు. "ఐదేళ్లలో డబుల్" అని మాత్రం అనకండి.

తర్వాత నీళ్లు. మంజీరా కనెక్షన్ (జలమండలి నల్లా) ఉందా, బోర్లు ఎన్ని, ఏప్రిల్‌లో ట్యాంకర్లకి ఎంతైంది అనేది బిల్లులతో సహా చూపించండి. దాచినా లాభం లేదు, సెల్లార్ ర్యాంప్ మీద ట్యాంకర్ టైర్ల తడి మరకలు కనిపిస్తూనే ఉంటాయి.

కాగితాల్లో లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల పత్రాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), ఓసీ (కట్టడం పూర్తయి కాపురానికి ఇచ్చిన అనుమతి), యూడీఎస్ (స్థలంలో ఆ ఫ్లాట్ వాటా) ఎన్ని గజాలు అన్నవి ఒక ఫైల్లో ఉంచండి. సూపర్ బిల్టప్ (మెట్లు, లాబీల వాటా కూడా కలిపిన విస్తీర్ణం) ఒక్కటే చెప్పి ఊరుకోకుండా కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే జాగా) కూడా రాయండి. ఇంకా కడుతున్న ప్రాజెక్ట్ అయితే, ఎనిమిది ఫ్లాట్లు దాటినా స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ రానిదే ప్రకటన కూడా ఇవ్వకూడదు, ప్రీ-లాంచ్ అని వాట్సాప్‌లో తిప్పడం అసలే వద్దు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదని మీరే ముందు చెప్పండి. జీఎస్టీ మామూలు ఫ్లాట్లకి 5 శాతం, ఓసీ వచ్చాక కొంటే ఉండదు. అన్నట్టు, రెరా ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మిపెట్టాలంటే ఏజెంటుగా మీకూ రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇక చూపించే టైము. ఆదివారం పొద్దున అందరూ తెస్తారు. మీరు వారం మధ్యలో రాత్రి ఎనిమిదింటికి తీసుకెళ్లండి. ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో, లిఫ్ట్ ఎంతసేపటికి వస్తోందో, పార్కింగ్ కోసం ఎవరు ఎవరితో గొడవ పడుతున్నారో అతనే చూసుకుంటాడు. డాలస్‌లో ఉన్నాయనకైతే అప్పుడు అక్కడ ఉదయమే కాబట్టి వీడియో కాల్ చేసి గేటు నుంచి టెర్రస్ దాకా ఆపకుండా నడవండి, వాచ్‌మన్‌తో కూడా మాట్లాడించండి.

క్లబ్‌హౌస్ అతను అడిగితే చూపించండి. తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ముందే కనుక్కోండి.