పాత బైకు షాకబ్జార్బర్ బుష్‌లు సుత్తి లేకుండా మార్చడం

పాత బుల్లెట్, యెజ్డీ లాంటి బండ్లలో వెనుక షాకబ్జార్బర్ రెండు చివర్ల కన్నుల్లోని (బోల్టు దూరే గుండ్రటి రంధ్రాల్లోని) రబ్బరు బుష్‌లు, అంటే బోల్టు చుట్టూ కూర్చునే గొట్టం ముక్కలు, అరిగితే ప్రతి గుంతకీ టకటక చప్పుడు వస్తుంది. బుష్‌ల ధర తక్కువే, విసిగించేది వాటిని ఊడదీయడమే. సుత్తితో కొడితే కొత్త బుష్ కూడా చిరిగిపోతుంది.

హార్డ్‌వేర్ షాపులో అడుగు పొడవున్న మరల కడ్డీ, దానికి రెండు నట్లు, నాలుగు మందపాటి వాషర్లు కొనండి. బుష్ మధ్య రంధ్రంలో దూరే లావు చూసుకోండి, చాలా వాటికి 10 మి.మీ. సరిపోతుంది. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, ఒకసారికి ఒక షాకబ్జార్బర్‌నే విప్పండి. రెండూ విప్పితే వెనుక చక్రం కిందికి జారుతుంది. కడ్డీని బుష్‌లోంచి దూర్చి, ఒకవైపు బుష్ కన్నా కాస్త చిన్న సాకెట్ (నట్లు విప్పే గొట్టం లాంటి పానా ముక్క), రెండో వైపు బుష్ లోపలికి జారేంత పెద్ద సాకెట్ పెట్టి, రెండు చివర్లా వాషర్లు, నట్లు వేసి ఒక నట్టు బిగిస్తూ పోండి. పాత బుష్ నెమ్మదిగా పెద్ద సాకెట్‌లోకి వచ్చేస్తుంది. కంటి లోపలి తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త బుష్‌కు సబ్బు నీళ్లు రాసి అదే పద్ధతిలో లోపలికి లాగండి. గ్రీజు కడ్డీ మరలకే. రబ్బరుకు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

బయట ఇనుప తొడుగు ఉన్న బుష్ తుప్పుపట్టి అతుక్కుపోతే ఈ పద్ధతి పనిచేయదు. నట్టు బిగుసుకుపోయిందంటే అక్కడే ఆగండి, లేకపోతే కడ్డీ మరలు చెడిపోతాయి. అప్పుడు రబ్బరు తీసేసి, హాక్‌సా బ్లేడుతో కన్ను గీసుకుపోకుండా తొడుగును నిలువుగా కోయాల్సిందే.