కొత్తగా బిగించిన కంప్యూటర్ విండోస్ ఎక్కిస్తుండగా హ్యాంగ్ అవుతుంటే

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ మొదటిసారి వెలిగి, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) తెర మీద ప్రాసెసర్, ర్యామ్, డిస్కు అన్నీ సక్రమంగా కనిపించి, తీరా విండోస్ ఎక్కించబోయేసరికి మధ్యలో ఆగిపోతే, చాలామంది ముందుగా పెన్‌డ్రైవ్‌నే అనుమానిస్తారు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర అద్దెకుంటున్న మా మేనల్లుడు కూడా అలాగే ఒక పెన్‌డ్రైవ్‌ను నాలుగుసార్లు తయారుచేసి, తర్వాత ఇంకొకటి కొని, ఆ తర్వాతే నాకు ఫోన్ చేశాడు. ఇలాంటప్పుడు పెన్‌డ్రైవ్ తప్పు ఉండదని కాదు, కానీ కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో గమనించకుండా భాగాలు మార్చడం వల్ల డబ్బూ పోతుంది, కారణమూ దొరకదు.

బయోస్‌లో ఒక భాగం కనిపించిందంటే అది ఉన్నదని అర్థమే తప్ప బాగున్నదని కాదు. బయోస్ తెర నడవడానికి ర్యామ్‌లో చాలా కొద్ది భాగం చాలు, ప్రాసెసర్ మీద భారమూ ఉండదు. ఇన్‌స్టలేషన్ అలా కాదు. పెన్‌డ్రైవ్ నుంచి కొన్ని జీబీల ఫైళ్లను చదివి, ర్యామ్‌లో విప్పి, డిస్కు మీద రాసే ఈ పనే కొత్త యంత్రానికి తగిలే మొదటి బరువు. అందువల్ల ఎక్కడ ఏ లోపమున్నా ఇక్కడే బయటపడుతుంది.

నిజంగానే ఆగిందా?

శాతం అంకె కదలనంత మాత్రాన హ్యాంగ్ అయినట్టు కాదు. పాత పెన్‌డ్రైవ్ నెమ్మదిగా చదువుతుంటే అంకె ఒకేచోట పది నిమిషాలు నిలబడవచ్చు. కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కి చూడండి: దీపం వెలిగి ఆరుతుంటే యంత్రం ఇంకా బతికే ఉన్నట్టు, కనుక మరో ఇరవై నిమిషాలు ఆగవచ్చు. దీపం మారకపోయి, మౌస్ బాణమూ కదలకపోతే అప్పుడు నిజమైన హ్యాంగ్. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ వేసిన బోర్డుల్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సర్దుబాటు చేసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని ఆ సమయంలో కరెంటు తీసేయకూడదు.

నిజంగానే ఆగిందని తేలితే మూడుసార్లు ప్రయత్నించి, ప్రతిసారీ ఏ శాతం దగ్గర, ఎన్ని నిమిషాలకు ఆగిందో కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ ఒకేచోట ఆగితే చదివే వస్తువు మీద, అంటే పెన్‌డ్రైవ్, ఐఎస్ఓ ఫైలు (విండోస్ ఇన్‌స్టలేషన్ మొత్తం ఉండే ఒకే ఫైలు), డిస్కుల మీద అనుమానం పెట్టుకోవాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ర్యామ్ మీద, కరెంటు మీద పెట్టుకోవాలి. శాతంతో సంబంధం లేకుండా ఇంచుమించు అన్నే నిమిషాలకు ఆగుతూ, వెంటనే మళ్లీ మొదలుపెడితే ఇంకా త్వరగా ఆగుతుంటే, అది వేడి.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే

మేనల్లుడి కాగితం మీద 22, 61, 8 అని మూడు అంకెలున్నాయి. వాటిని చూడగానే పెన్‌డ్రైవ్‌ను పక్కన పెట్టించాను.

అతను వేసినవి రెండు డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు, పెట్టె మీద 3600 అని ఉంది. ఆ అంకె ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్‌ను బయోస్‌లో ఆన్ చేస్తే వచ్చే వేగం. అది లేకుండా అవి 2133 నుంచి 3200 మధ్య ప్రామాణిక వేగంతో నడుస్తాయి. ఎక్స్‌ఎంపీ అంటే ఒకరకంగా ఓవర్‌క్లాకింగే, అంటే ప్రామాణిక వేగాన్ని మించి నడపడమే కాబట్టి, ర్యామ్ మంచిదే అయినా ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ గానీ బోర్డు గానీ ఆ వేగాన్ని తట్టుకోకపోవచ్చు. విడివిడిగా కొన్న రెండు స్టిక్కుల విషయంలో, పైన అదే కంపెనీ పేరు, అదే అంకె ఉన్నప్పటికీ, లోపలి చిప్పులు వేరుగా ఉండే అవకాశం ఉంటుంది. కనుక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీని, ఏఎండీ డీడీఆర్5 బోర్డు అయితే ఎక్స్‌పోను, ఆపేయడమే మొదటి పరిష్కారం. చాలా యంత్రాల కథ ఇక్కడే ముగుస్తుంది.

మాది ముగియలేదు. తర్వాత కరెంటు తీసి, రెండు స్టిక్కులూ బయటికి లాగి, ఒక్కదాన్నే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టించాను. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ఒక స్టిక్కు అయితే రెండో స్లాటులో, రెండయితే రెండు, నాలుగు స్లాట్లలో వేయాలని బోర్డుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. ఈమధ్య చాలా బోర్డుల్లో స్లాటుకు ఒకవైపే క్లిప్పు ఉంటుంది. ఆ వైపు టక్కుమని పడగానే పని అయిపోయిందనుకుంటాం గానీ, క్లిప్పు లేని రెండో కొస వెంట్రుకవాసి పైకి లేచి ఉండవచ్చు. టార్చి వేసి పక్కనుంచి చూస్తే స్టిక్కు కింది బంగారు రంగు గీత ఒక కొస నుంచి మరో కొసకు వాలుగా కనిపిస్తుంది. రెండు కొసలనూ బొటనవేళ్లతో విడివిడిగా, బోర్డు కాస్త వంగుతుందేమోనని భయమేసేంత గట్టిగా నొక్కితేనే అది సమంగా దిగుతుంది.

ఇక పరీక్ష. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను వేరే కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో బూట్ చేస్తే విండోస్ అవసరం లేకుండానే ర్యామ్ మొత్తాన్ని రాసి, చదివి పోల్చి చూస్తుంది. 16 జీబీకి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఒక్క తప్పు చూపినా ఆ కూర్పు పనికిరాదు. "ఒక్కటే కదా మామయ్యా" అనడానికి వీల్లేదు, ఆ ఒక్క చోట విండోస్ ఫైలు పడితే చాలు. మొదటి స్టిక్కు రాత్రంతా నడిచి తప్పు లేకుండా బయటపడింది. రెండోది నాలుగు నిమిషాలకే తెర నిండా ఎర్ర వరసలు చూపించింది. అయినా దాన్ని వేరే స్లాటులో పెట్టి మళ్లీ చూశాం. తప్పులు స్టిక్కు వెంట వస్తే స్టిక్కుదే దోషం. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో తప్పులు వస్తుంటే, బోర్డును గానీ, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నును గానీ, ఒకవైపే ఎక్కువగా బిగించిన కూలర్‌ను గానీ చూడవలసి ఉంటుంది. కూలర్ ఒత్తిడి సమంగా లేకపోతే ఒక ర్యామ్ చానెల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి) మొత్తం మాయమయ్యే సందర్భాలున్నాయి.

ర్యామ్ రెండూ బాగున్నా ఇదే లక్షణం కొనసాగితే, లేదా హ్యాంగ్‌కు బదులు యంత్రం ఠక్కున ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కనెక్టరు పూర్తిగా లోపలికి వెళ్లాయో లేదో చూడండి. అద్దె ఇళ్లలో ఇంకొకటి కూడా చూసుకోవాలి: క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకితే జివ్వుమంటే సాకెట్‌కు ఎర్తింగ్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు అది సరిచేయించండి, అది హ్యాంగ్ కన్నా ప్రమాదకరమైన సంగతి.

వేడి అని అనుమానం వస్తే

బయోస్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపే పేజీ తెరిచి పది నిమిషాలు వదిలేయండి. 35 నుంచి 50 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే భయం లేదు. ఏ పనీ లేకుండానే 80 దాటి పైకి పోతుంటే కూలర్ అతకలేదు. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ఉండే ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి బోర్డు వెనక్కి దిగకపోవడం, కూలర్ అడుగున అంటించిన పారదర్శకమైన పొర ఒలవడం మరిచిపోవడం, నీటి కూలర్ అయితే పంపు వైరు పెట్టకపోవడం: సాధారణంగా ఈ మూడింటిలో ఒకటే ఉంటుంది. కూలర్ ఊడదీసినప్పుడల్లా పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేయాలి.

ప్రతిసారీ ఒకేచోట ఆగితే

ఐఎస్ఓను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో (ఫైలు చెక్కుచెదరలేదని చూపే గుర్తు) మీ ఫైలు విలువను పోల్చండి. పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి. దాన్ని క్యాబినెట్ ముందున్న పోర్టులో కాక, వెనక నేరుగా మదర్‌బోర్డుకున్న యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. ఫైలు పాడైందని చెప్పే, 80070570తో ముగిసే ఎర్రర్ కోడ్ వస్తే పెన్‌డ్రైవ్ మారుస్తారు గానీ, మంచి ఫైలును చెడ్డ ర్యామ్ పాడుచేసినా అదే కోడ్ వస్తుందని గుర్తుంచుకోండి.

పెన్‌డ్రైవ్ నిర్దోషి అని తేలితే డిస్కు వంతు. కేబుల్‌తో తగిలించే సాటా డిస్కయితే ఆ కేబుల్ మార్చి, వేరే పోర్టులో పెట్టి చూడాలి. పాత కంప్యూటర్ నుంచి తెచ్చిన డిస్కులో పాత విభజనలు మిగిలి ఉంటే, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చే నల్ల కిటికీలో డిస్క్‌పార్ట్ అనే డిస్కు విభజనల ప్రోగ్రామ్ నడిపి క్లీన్ ఆదేశం ఇవ్వవచ్చు. అది అడగకుండానే అంతా తుడిచేస్తుంది కనుక మిగతా డిస్కుల వైర్లన్నీ ముందుగా పీకేయడం మేలు. డిస్కు అసలు జాబితాలోనే కనిపించకపోవడం హ్యాంగ్ కాదు: ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా బోర్డుల్లో వీఎండీ అనే ఇంటెల్ డిస్కు నిర్వహణ అమరిక ఆన్‌లో ఉండి, దాని డ్రైవర్ ఇవ్వకపోతే అలా జరుగుతుంది.

ఉబుంటు లాంటి లినక్స్ ఎక్కిస్తుంటే, ఎన్విడియా కార్డున్న యంత్రంలో మొదటి మెనూ దాటగానే తెర బిగుసుకుపోతే, సేఫ్ గ్రాఫిక్స్ ఎంపిక తీసుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఏదీ దొరకకపోతే బయోస్ వెర్షన్ చూడండి. పాత స్టాకు బోర్డుకు కొత్త ప్రాసెసర్ తగిలిస్తే అప్‌డేట్ తప్పనిసరి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ వల్ల వచ్చిన అస్థిరతకు ఆ కంపెనీయే 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది. అవి బయోస్ అప్‌డేట్ రూపంలోనే అందుతాయి.

మా స్టిక్కును ఎస్పీ రోడ్డులో కొన్న దుకాణానికే తీసుకెళ్లాం. కౌంటర్ దగ్గరి కుర్రాడు దాన్ని తన బోర్డులో పెట్టి, బయోస్ రాగానే "ఆన్ అవుతోంది కదా సార్" అని తెలుగులోనే అన్నాడు. ఎర్ర వరసలున్న తెరను ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాం కాబట్టి వాదన అక్కడితో ఆగి, వేరే స్టిక్కు వచ్చింది. బిల్లు, పెట్టె, ఆ ఫొటో మూడూ తీసుకెళ్లండి. మార్చి తెచ్చిన స్టిక్కును కూడా అదే రాత్రి మెమ్‌టెస్ట్‌కు పెట్టి, అది నెగ్గాకే విండోస్ ఎక్కించండి. విండోస్ నిలకడగా నడిచాక ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఇంకొక్క రాత్రి అదే పరీక్ష నడపండి. తప్పులు కనబడితే వేగాన్ని 3600 నుంచి 3200కు దించుకోండి.